మణికట్టు ఎత్తు బల్ల

పెద్ద మేస్త్రి పోయాడన్న కబురు నాకు చర్చి మెట్ల మీద తెలిసింది. ఆదివారం ప్రార్థన అయిపోయి చెప్పులు వెతుక్కుంటుంటే చిన్న మేస్త్రి ఫోన్ చేశాడు. "అక్కా, మామ పోయిండు. పొద్దుగాల చాయ తాగి మంచం మీద ఒరిగిండు, మళ్ల లేవలే" అన్నాడు. నేను వెంటనే, "కార్ఖాన తాళంచెవి ఎవరి దగ్గరున్నది?" అని అడిగాను. ఎందుకలా అడిగానో ఇప్పటికీ తెలియదు. మనిషి పోయాడంటే ఎవరైనా అయ్యో అంటారు. నేను తాళంచెవి అడిగాను. "నా దగ్గరనే ఉన్నది అక్కా" అన్నాడు చిన్న మేస్త్రి. అప్పుడు వచ్చింది ఏడుపు. కుడికాలికి నా చెప్పు, ఎడమకాలికి ఎవరిదో చెప్పు వేసుకుని వాళ్లింటికి పోయాను. ఆ ఎడమ చెప్పు ఎవరిదో కనుక్కుని తిరిగి ఇవ్వడానికి వారం పట్టింది.

ఆయన నాకు చుట్టం కాదు. మా కులం కాదు, మా ప్రార్థన కాదు, మా వాడ కాదు. తిరుమలగిరిలో బస్టాండు దాటి లోపలికి పోతే ఉండే రేకుల షెడ్డులో మా వడ్రంగి కార్ఖాన. దానికి ఆయన పెద్ద మేస్త్రి. నేను అందులో పాలీషు పని చేస్తాను. తెలంగాణ వచ్చిన ఏడాది చేరాను. పదేళ్లకు పైగా, పండుగలు పోను రోజూ, ఒకే రేకుల కింద ఉన్నాం. అయినా ఆయన గురించి నాకు ఒక్క సంగతి తేలలేదు. నన్ను తనతో సమానంగా పనిచేసే మనిషిగా చూశాడా, కొంచెం ఎడంగా ఉంచాల్సిన మనిషిగా చూశాడా? ఆయన ఉన్నన్నాళ్లూ అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. చదివేవాళ్లకు ఇది నా తిక్కలాగా కనిపించవచ్చు. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీకేమన్నా తోస్తే తోస్తుంది.

మా ఇంటాయన టింబర్ డిపోలో హమాలీ. దూలాలు కొనడానికి వచ్చిన పెద్ద మేస్త్రిని ఒకరోజు, "మా ఆమెకు ఏమన్న పని ఉంటదా?" అని అడిగాడట. మర్నాడు నేను పోయి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నా మొహం చూడలేదు, పేరు అడగలేదు. "చేతులు చూపియ్యమ్మా" అన్నాడు. పత్తి ఏరిన చేతులు, గీతలన్నీ పగుళ్లే. అటూ ఇటూ తిప్పి చూసి, "గరుకు కాగితం అక్కర్లేదు నీకు, నీ చెయ్యితో రుద్దితె చాలు" అన్నాడు. నవ్వాలో నొచ్చుకోవాలో తెలియక నిలబడ్డాను. అప్పటికే ఆయన నా చేతికి కాగితం ముక్క, ముందర ఒక కిటికీ రెక్క పెట్టి పోయాడు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి, దాచితే దాగేది కూడా కాదు. నా ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు. పెద్ద మేస్త్రి ఆరడుగులకు ఒక వేలు తక్కువ.

అప్పట్లో కార్ఖానలో మూడు పనిబల్లలు ఉండేవి. ఒకటి పెద్ద మేస్త్రిది, ఒకటి ఆయన మేనల్లుడు చిన్న మేస్త్రిది, ఇంకొకటి దర్వాజల మేస్త్రిది. దర్వాజలు తప్ప వేరే పని ముట్టడు కాబట్టి ఆయనకు ఆ పేరు. మూడు బల్లలు మూడు ఎత్తులు. ఎవరి బల్ల వాళ్లే చేసుకుంటారు, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లు. ఇంకొకరి బల్ల మీద ఉలి పెట్టాలన్నా అడిగి పెట్టాలి. పెద్ద మేస్త్రి మేనల్లుడికి చెబుతుంటే నేను విన్నాను: "చెయ్యి కిందికి వదిలెయ్. మణికట్టు ఏడికొస్తదో గాడికి ఉండాలె బల్ల. పైకుంటె భుజం పోతది, కిందికుంటె నడుము పోతది."

నాకు బల్ల లేదు. వాళ్లు తలుపు చేసి పక్కన పెడితే, ఖాళీగా ఉన్న బల్ల మీద పరుచుకుని రుద్దేదాన్ని. రెండు ఇటుకల మీద చెక్కపీట వేసుకుని దాని మీద నిలబడేదాన్ని. దసరాకు వాళ్లు బల్లలకు పసుపు పూసి, చెక్క నునుపు చేసే రందా, రంపం, ఉలి వరసగా పేర్చి కుంకుమ పెట్టేవాళ్లు. మొదటి ఏడాది నేను బయట నిలబడ్డాను. పెద్ద మేస్త్రి నా పాలీషు బ్రష్షు తెచ్చి తన ఉలి పక్కన పెట్టి, "దీనికి గూడ బొట్టు పెడుతున్న. నీకేం తక్లీఫ్ లేదు గదా అమ్మా?" అని అడిగాడు. లేదన్నాను. ఇంటికొచ్చాక, తక్లీఫ్ ఉందో లేదో చాలాసేపు ఆలోచించాను. బ్రష్షుకు బొట్టు పెట్టారు, మంచిదే. మరి బ్రష్షు లోపల ఉంటే నేను బయట ఎందుకు నిలబడ్డాను? ఎవరూ బయట ఉండమనలేదు. నా అంతట నేనే నిలబడ్డాను.

ఆయన అలవాట్లు చెబితే ఒకటా రెండా. కళ్లజోడు కాడలు ఊడిపోతే దారం కట్టుకున్నాడు గాని కొత్తది కొనలేదు. పెన్సిలు గోరంత అయ్యేదాకా వాడి, ఆ గోరంత కూడా పారేయకుండా కిటికీ గూట్లో పెట్టేవాడు. వయసులో ఉన్నప్పుడు నందికొండలో డ్యామ్ క్వార్టర్ల కిటికీలు బాగుచేశాడట. డ్యామ్ గాలికి అక్కడ కిటికీలు ఉబ్బి మూతపడకపోయేవని, ఏ ఇంటి ఆడమనిషి ఎలా తిట్టేదో నటించి చూపించేవాడు. చెక్కను అడ్డంగా రుద్దితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "అది పోయే దిక్కు నువ్వు పో. దానికి కోపం తెప్పియ్యకు" అనేవాడు.

అన్నిటికన్నా గట్టి అలవాటు కొలత. కొలిచిన మనిషి అంకె పైకి చెప్పాలి, పక్కన ఉన్నవాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. అప్పుడే రంపం పట్టాలి. "మనసులో అనుకున్న కొలత ఎవరికీ పనికి రాదు" అనేవాడు. ముప్పై రెండున్నర అని ఆయన అంటే, ముప్పై రెండున్నర అని మేం అనాలి. మొదట్లో ఇది నాకు బడిలో ఎక్కాల్లాగా నవ్వుగా ఉండేది. తర్వాత ఇంట్లో బియ్యం కొలిచేటప్పుడు కూడా పైకి చెప్పడం అలవాటైంది.

నేను చేరిన మూడో ఏడు ఎండాకాలం, పీట జారి పడ్డాను. పడితే పడ్డాను, చేతిలోని పాలీషు డబ్బా కూడా పడింది, ఎవరి పూజగదికో చేసిన టేకు తలుపు మీద. పక్కటెముక బల్ల అంచుకు తగిలి ఊపిరి ఆడలేదు. అయినా నా కళ్లు తలుపు మీదే ఉన్నాయి. పోయింది, నా పని పోయింది అనుకున్నాను. పెద్ద మేస్త్రి వచ్చి తలుపును చూశాడు, ఇటుకలను చూశాడు, నన్ను చూశాడు. "దవాఖానకు పోతవా?" అన్నాడు. వద్దన్నాను. తలుపు తీసుకుపోయి రందా పెట్టి మొత్తం మళ్లీ చెక్కాడు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది, ఎక్కడున్నానో తెలిసేది.

అదే రోజుల్లో షాద్‌నగర్ దిక్కు ఇళ్లు కట్టే ఒకాయన అల్మారాల పని ఇచ్చాడు. అంతా ప్లైవుడ్. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు షీటు ఏ ఒక్క బల్ల మీదా ఆనదు. సగం వేలాడుతుంది, ఇద్దరు పట్టుకోవాలి. ఒక పొద్దున పెద్ద మేస్త్రి, "బల్లలు కలుపుదం. మూడింటిని ఒక్కటి జేద్దం" అన్నాడు.

చిన్న మేస్త్రి మొహం మాడింది. "నా బల్ల నేను ఎవ్వరికియ్య మామా. నా చేతితోని చేసుకున్న మొదటి వస్తువు అది" అన్నాడు.

"నిన్నెవరు ఇయ్యమన్నరు? నీది నీ దగ్గరనే ఉంటది. అంచు ఏడ అయిపోయిందో కనపడదు, గంతే."

"అంచు కనపడకుంటె అది నాదని ఎట్ల తెలుస్తది?"

"ఎందుకు తెల్వాలె?" అన్నాడు పెద్ద మేస్త్రి. చిన్న మేస్త్రి తన బల్ల మీది ఉలులు తీసి పక్కన పెట్టాడు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు జవాబు నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

మూడు బల్లలు తిరగేశారు. పక్కలు చెక్కి, ఒకదానిలో తొలిచి ఇంకొకదానిలో దూర్చి, ఒక్క మేకు లేకుండా కలిపారు. మిగిలింది కాళ్లు, మొత్తం పన్నెండు. మూడు ఎత్తులు కాబట్టి, అన్నిటికన్నా పొట్టిదైన దర్వాజల మేస్త్రి బల్లకు సరిగా మిగతావి కోస్తే సరిపోతుంది. ఎవరైనా అదే చేస్తారు. పెద్ద మేస్త్రి ఒక బద్ద తీసి పెన్సిలుతో గీత పెట్టుకుని, ఒకటొకటిగా పన్నెండు కాళ్లూ తనే కోశాడు. ఆ రోజు కొలత పైకి చెప్పలేదు. మేం తిరిగి చెప్పడానికి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. ఆయన చెప్పనే లేదు.

బల్లను నిలబెట్టాక అందరం చూశాం. దర్వాజల మేస్త్రి తొడ దగ్గరికి వచ్చింది. "మేస్త్రీ, గిది పనిబల్లనా, బడిల పోరగాండ్లు కూసుండేదా?" అన్నాడు. పెద్ద మేస్త్రి బద్దను చూశాడు, బల్లను చూశాడు. "కొలత తప్పింది. ఏం జేస్తం" అన్నాడు. నలభై ఏళ్లలో కొలత తప్పని మేస్త్రికి తన బల్ల దగ్గరే తప్పిందని బజారంతా నవ్వుకున్నారు. చాయ హోటల్లో కప్పు కింద పెట్టి, "మేస్త్రీ, ఎత్తు సరిపోయిందా?" అని అడిగేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

ఆ రోజు నేను చాయ గ్లాసులు పెట్టడానికి బల్ల దగ్గరికి పోయాను. గ్లాసులు పెట్టి చేతులు కిందికి వదిలాను. బల్ల సరిగ్గా నా మణికట్టు దగ్గర ఉంది.

ఎవరైనా చూశారేమోనని చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన కావాలని చేశాడా, నిజంగానే కొలత తప్పిందా? అడిగితే కాదంటాడని భయం. అవునంటే ఇంకా భయం, ఇద్దరు మేస్త్రీల నడుములు నా ఒక్కదాని కోసం వంగుతున్నాయంటే వాళ్ల మొహం ఎట్లా చూడను? ఇటుకలు బయట పారేశాను. నేల మీద నిలబడి పని మొదలుపెట్టాను. ఆ ఏటి దసరాకు ఒకే బల్ల, దానికి ఒకే బొట్టు. నేను లోపలే ఉన్నాను, ఎందుకంటే అప్పటికి బల్ల చుట్టూ అందరికీ తలా ఒక పక్క ఉంది. వాళ్లిద్దరూ రెండు కొసల్లో, నేను గుమ్మం దిక్కు, పెద్ద మేస్త్రి కిటికీ దిక్కు. గోడకూ బల్లకూ మధ్య ఉన్న ఇరుకు సందులో నిలబడేవాడాయన. అక్కడికి ఇంకెవరూ పోయేవాళ్లు కాదు.

ఇంతవరకైతే నాకు తికమక ఉండేది కాదు. ఏదో ఒకటి అనుకుని సంతోషంగా ఉండేదాన్ని. కాని బల్ల కలిపిన నెల లోపే ఇంకోటి మొదలైంది. సాయంత్రం కార్ఖాన ఊడ్చేది నేనే. అన్ని దిక్కులూ ఊడ్చి కిటికీ దిక్కు పోతే, "గా దిక్కు వద్దమ్మా. నా జాగా నేను చూసుకుంట" అన్నాడు. ఆ ఒక్క రోజుకే అనుకున్నాను. మర్నాడూ అదే మాట, ఆ తర్వాతా అదే. ఆయన కాళ్ల దగ్గర చీలమండ మునిగేంత పొట్టు పేరుకుపోయినా సరే, నా చీపురు మాత్రం అక్కడికి రాకూడదు.

ఇంట్లో చెబితే మా అత్త పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆమె వేరే వాళ్ల చేలల్లో కూలికి పోయినప్పుడు, పైనుంచి పోస్తే దోసిట్లో నీళ్లు తాగిన మనిషి. "ఎంత మంచోడైనా ఏడనో ఒక కాడ గీత గీస్తడు బిడ్డా. నీ మేస్త్రి కాళ్లకాడ గీసిండు" అంది. కాదని కొట్లాడాను. ఆయన నా చేతి చాయ తాగుతాడన్నాను. క్రిస్మస్‌కు నేను తీసుకుపోయిన బగారన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడన్నాను. "మరి చీపురెందుకు రానియ్యడు?" అంది. అదే నాకూ తెలియలేదు. కొన్నిసార్లు ఆమె మాటే నిజమనిపించి, రెండు మూడు రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడేదాన్ని. ఆయన గమనించాడో లేదో, "ఏమ్మా, ఇయ్యాల పాలీషు ఎక్కువ మెరుస్తాంది, కోపంగున్నవా?" అనేవాడు. అంత తెలిసిన మనిషికి ఈ ఒక్కటీ తెలియకపోయిందా?

ఇట్లా ఏళ్లు గడిచాయి. ఏడాదికింత ఆయన మనిషి కుంగిపోతున్నట్టు కనిపించేవాడు. బల్ల వెనక నిలబడితే ముందున్నంత పొడుగు అనిపించేది కాదు. వయసు కదా అనుకున్నాం.

దినాలు అయిపోయాక కార్ఖాన తెరిచాం. ఇద్దరు మేస్త్రీలూ తుమ్మ చెక్కతో పన్నెండు దిమ్మెలు చేసి సిద్ధంగా పెట్టుకున్నారు. చిన్న మేస్త్రి నా మొహం చూడకుండా, "అక్కా, నడుములు పోతున్నయ్. కాళ్ల కింద ఇవి పెట్టి బల్ల జర లేపుదమనుకుంటున్నం. ఏమంటవ్?" అన్నాడు.

ఏమంటాను? బల్లలు వాళ్లవి. నడుములు వాళ్లవి. వాళ్లు అడగడమే ఎక్కువ. అయినా, బల్ల లేస్తే నేను మళ్లీ ఇటుకల మీదికి. "మీ బల్ల, మీ ఇష్టం" అన్నాను. ఆ మాట నేను అనుకున్నదానికన్నా కటువుగా వచ్చింది. దర్వాజల మేస్త్రి, "నీకు మంచి పీట చేసిస్తలే చెల్లె, జారకుంట" అన్నాడు. ఆయన మనసులో మంచే ఉంది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి, పొట్టు పడిందని చెప్పాను.

బల్ల ఎత్తాలంటే కిటికీ దిక్కు ఒకరు నిలబడాలి. "గా పొట్టంత ఊడ్వు అక్కా" అన్నాడు చిన్న మేస్త్రి. చీపురు తీసుకుని ఆ సందులోకి పోయాను. అన్నేళ్లలో అదే మొదటిసారి. రెండుసార్లు ఊడ్చేసరికి ఒక గోనెపట్టా బయటపడింది. పట్టా లాగాను. కింద నేలకు పరిచిన బండ లేదు.

బండ తీసేసి, దాన్ని గోడకు ఆనించి, ముందు చెక్కలు అడ్డం పెట్టి ఉంది. బండ ఉండాల్సిన చోట జానెడు లోతు గుంత. అంచులు ఉలితో చెక్కినంత తిన్నగా ఉన్నాయి. అడుగున మట్టి గచ్చులాగా గట్టిపడి, రెండు పాదాల ఆనవాళ్లు దిగి ఉన్నాయి. రందా తోసేటప్పుడు బరువు మోపే కుడి పాదం కొంచెం ఎక్కువ దిగింది. మేం వయసుకు కుంగిపోయాడనుకున్న మనిషి, రోజూ పొద్దున్నే వచ్చి ఈ గుంతలో దిగి నిలబడేవాడు.

ముగ్గురం ఆ గుంత చుట్టూ నిలబడ్డాం. దర్వాజల మేస్త్రే ముందు మాట్లాడాడు. "ఊరంత నవ్విరి గదా. కొలత తప్పిందన్న సిగ్గుకు తవ్వుకున్నడు."

"మామకు సిగ్గేంది? నడుము నొప్పికి తవ్వుకున్నడు, అంతే" అన్నాడు చిన్న మేస్త్రి. మళ్లీ తనే, "నడుము కోసమే అయితె బల్లను లేపుకుంటుండె గదా. కాళ్ల కింద దిమ్మె పెట్టుడు మామకు తెల్వదా?" అన్నాడు. ఇద్దరూ నా దిక్కు చూశారు. నేను చీపురు దిక్కు చూశాను.

ఆ క్షణంలో నాకు బాధ కన్నా ముందు కోపం వచ్చింది. "ఒక్క మాట చెప్తే ఏం పోతుండె మేస్త్రీ?" అని పైకే అన్నాను. నా చీపురు తగలకూడదని కాదు, గుంత బయటపడకూడదని ఆపావా? అదైనా నిజమేనా, నేను అట్లా అనుకుంటే మనసుకు బాగుంటుందని అనుకుంటున్నానా? అన్నేళ్లు మా అత్తతో కొట్లాడాను, నీతో ముక్తసరిగా ఉన్నాను. కొలతలన్నీ పైకి చెప్పమన్నవాడివి, ఈ ఒక్క కొలతా ఎందుకు దాచుకున్నావు? అక్కడే కూర్చుని ఏడ్చాను. వాళ్లిద్దరూ చాయకు పోతున్నామని బయటికి పోయారు.

తిరిగి వచ్చినప్పుడు చిన్న మేస్త్రి చేతిలో గడ్డపార ఉంది. గుంత పూడుస్తాడేమో అనుకున్నాను. అతను తన కొసకు పోయి, కాళ్ల కింది బండ సందులో గడ్డపార మొన పెట్టి లేపాడు. దర్వాజల మేస్త్రి కాసేపు చూసి, "నాగ్గూడ ఒకటి తవ్వు. ఎంత లోతో నోటితోని చెప్పి తవ్వు" అన్నాడు. చిన్న మేస్త్రి తన మామ కోసం తవ్వుతున్నాడా, నడుము కోసమా, నా ఏడుపు చూడలేకనా? నేను అడగలేదు. అడగకపోవడం నాకు బాగా అలవాటైపోయినట్టుంది. దిమ్మెలు చాయ పొయ్యిలోకి పోయాయి.

మా అత్తకు ఈ సంగతంతా చెప్పాను. ఆమె "లోతు ఎంతున్నది?" అని మాత్రం అడిగింది. జానెడు అన్నాను. తన జాన చాపి, దాన్నే చూసుకుంటూ కూర్చుంది.

ఇప్పుడు కార్ఖానంతా ఊడ్వడానికి నాకు ఎవరి అడ్డూ లేదు. సాయంత్రం గుమ్మం దగ్గర మొదలుపెట్టి, రెండు కొసలూ అయ్యాక కిటికీ దిక్కు పోతాను. గుంతలో రోజంతా ఎగిరిపడ్డ పొట్టు పలచగా పేరుకుని ఉంటుంది. దాని కింద ఆ రెండు పాదాలూ ఉంటాయి. పొట్టు తీయాలంటే చీపురు పుల్లలు వాటి మీద నుంచే పోవాలి, కొంచెం కొంచెంగా అవి చెరిగిపోతాయి. తీయకుండా వదిలేస్తే, వద్దన్న మాట ఇంకా నడుస్తున్నట్టే ఉంటుంది. ఏది ఆయనకు ఇష్టమో నాకు తెలియడం లేదు. గుంత అంచుదాకా ఊడ్చి, చీపురు పట్టుకుని అక్కడే నిలబడుతున్నాను.